దప్పికతో వచ్చిన కప్పలు

ఉద్యోగంలో ఏం చేసేదానివని మా వీధిలో వాళ్ళు అడిగితే, కప్పల ఉచ్చతిత్తులు తూచేదాన్ని అని చెబుతాను. నవ్వి ఊరుకుంటారు. నిజానికి అందులో నవ్వులాట ఏమీ లేదు, నేను చేసింది అక్షరాలా అదే. నంద్యాలలో ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెబుతూ, ఆ విభాగం వెనక రేకుల కప్పు కింద ఉన్న చిన్న పరిశోధనశాలలో గోదురు కప్పల మూత్రాశయాల మీద పనిచేసి రిటైరయ్యాను.

ఇప్పుడు పరిశోధనలోకి పోతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. మీ అనుభవాలు చెప్పండి మేడం అంటారు. నాకు వచ్చిన పదోన్నతులు, రాని పదోన్నతులు మీకెందుకు? అవి వదిలేస్తున్నాను. మా పెద్దసారు గురించీ, రూతు అనే అమ్మాయి గురించీ, ఒక వేసవి గురించీ చెబుతాను. నాకు తెలిసినదంతా దాదాపు అందులోనే ఉంది.

పని అంటే ఏమిటి

ముందు ఆ తిత్తి సంగతి. గోదురు కప్ప నీళ్ళు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. మూత్రాశయంలో ఉన్న పల్చటి మూత్రమే దానికి దాచుకున్న నీళ్ళు. వాన లేనప్పుడు ఆ నీటినే మళ్ళీ ఒంట్లోకి లాక్కుంటుంది. అంటే ఆ మూత్రాశయం గోడ మామూలుగా నీటిని పోనివ్వకూడదు, అవసరం వచ్చినప్పుడు పోనివ్వాలి. ఈ రెండు పనులూ ఒకే గోడ ఎలా చేస్తుందన్నదే మా ప్రశ్న.

ఆ గోడ లోపలి వైపు ఒకే వరుస కణాలు ఉంటాయి. పుస్తకాల్లో దాన్ని ఉపకళా కణజాలం అంటారు. నీటిని పోనిచ్చే సన్నని దారులు ఆ కణాల్లో ముందే తయారై ఉంటాయి, కానీ గోడకు అమర్చి ఉండవు. కణం లోపల చిన్న చిన్న బుడగల పొరల్లో దాచి ఉంటాయి. ఇంట్లో తలుపులు చేయించి పెట్టుకుని గోడకు బిగించకుండా ఉంచినట్టు అనుకోండి. కప్పకు దప్పిక పుట్టి నెత్తురులోకి ఒక హార్మోను రాగానే, ఆ బుడగలు కణం అంచుకు వచ్చి పైపొరతో కలిసిపోతాయి. దారులు పైకి తేలతాయి, నీరు పోతుంది. హార్మోను తగ్గగానే ఆ పొర లోపలికి మడత పడి, మళ్ళీ బుడగలుగా విడిపోయి, దారులను వెనక్కి తీసుకుపోతుంది. గోడ మూసుకుంటుంది.

మేం చేసేది మోటు పని. గోదురు కప్ప మూత్రాశయం రెండు తిత్తులుగా చీలి ఉంటుంది. వాటిని తీసి, ఒక్కో తిత్తినీ గాజుగొట్టం కొనకు పట్టుదారంతో కట్టి, లోపల పల్చటి ఉప్పునీరు పోసి, అంతకంటే చిక్కటి ఉప్పునీటిలో వేలాడదీస్తాం. ఒక తిత్తికి హార్మోను ఇస్తాం, రెండోదానికి ఇవ్వం. ఆగి ఆగి తూస్తాం. బరువు ఎంత తగ్గితే అంత నీరు బయటికి పోయినట్టు. హార్మోను ఇవ్వని తిత్తి బరువు తగ్గకూడదు. అది తగ్గిందంటే ఆ రోజు పని మట్టిపాలే.

ఆ ముడి వేయడంలోనే అంతా ఉంది. కాస్త గట్టిగా బిగిస్తే తిత్తి మెడ తెగుతుంది, వదులైతే కారుతుంది. తడిసిన సిగరెట్టు కాగితం కంటే పల్చన ఆ పొర. నేను ఏళ్ళ తరబడి కట్టాను, అయినా కొన్ని చెడగొడుతూనే ఉండేదాన్ని. ఇప్పుడు కళాశాలల్లో కప్పలు కోయడం మానేశారు. మంచి పని చేశారు. పాఠం కోసం మేం చంపినవాటిలో చాలావాటిని చంపాల్సిన అవసరం లేదని నాకు అప్పుడే అనిపించేది. పైకి అనలేదంతే.

పెద్దసారు

మా విభాగాధిపతిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మనిషి కఠినం. అబద్ధపు అంకెను వాసన పట్టేవాడు. పది పంక్తుల లెక్కలో ఎక్కడ సర్దుబాటు చేశామో వేలుపెట్టి చూపేవాడు. పరిశోధనలో ఇది చిన్న గుణం కాదు, అది నేర్పినందుకు ఆయనకు రుణపడే ఉన్నాను. కానీ ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఫలితం తేడాగా వస్తే ముందు మనిషి చేతిని అనుమానించేవాడు. జంతువును అనుమానించేవాడు కాదు, తన పద్ధతిని అసలే అనుమానించేవాడు కాదు. పైగా అనేదేదో పదిమంది ముందు అనేవాడు. పిల్లలు దానివల్ల గట్టిపడతారని ఆయన నమ్మకం. గట్టిపడినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు, మానుకుని వెళ్ళిపోయినవాళ్ళను చూశాను.

రూతుది ఆత్మకూరు దగ్గర పల్లె. మిషన్ బడిలో టీచరు ఉద్యోగం చేస్తూ, ఇంట్లో అందరూ వద్దంటున్నా అది వదిలేసి పరిశోధనకు వచ్చింది. చేరినప్పుడు వానాకాలం. చలికాలం అయ్యేసరికి ఆ అమ్మాయి కట్టిన తిత్తులు మా అందరివాటికంటే బాగుండేవి. హార్మోను లేని తిత్తి అలా నిలిచి ఉండేది, ఇచ్చింది చకచకా బరువు తగ్గేది. పెద్దసారు కూడా ఒకసారి ఆ ముడి వైపు చూసి తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మాకు పండగ.

ఆ వేసవి

ఎండలు ముదిరాక పని తలకిందులైంది. హార్మోను ఇవ్వని తిత్తులు కూడా నీళ్ళు వదిలేయడం మొదలుపెట్టాయి. రెండింటికీ తేడా లేదు. రూతు కొత్త దారం తెచ్చింది. గొట్టాల కొనలు అరగదీసి నునుపు చేసింది. అన్నీ విప్పి మళ్ళీ కట్టింది. అయినా అంతే.

మొదట్లో పెద్దసారు ఊరుకున్నాడు. తర్వాత ఒకరోజు ఎం.ఎస్సీ పిల్లలంతా ఉండగా ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఏమ్మా, చేతులకేమొచ్చింది నీకు? మనసు యాడ పెట్టి కడ్తాండావ్?"

ఆయన తూకం చూసి, మరో విడత కప్పలు వచ్చినప్పుడు కూడా ఇలాగే కారితే సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని, కావాలంటే ఆమె మ్యూజియంలో సీసాలకు చీటీలు అంటించుకోవచ్చని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సీటు పోతే రూతుకు వెనక్కి పోవడానికి బడి కూడా లేదు, ఆ ఖాళీలో వేరే టీచరును వేసుకున్నారు. ఇంట్లో వాళ్ళ మాట నెగ్గినట్టవుతుంది. అవన్నీ ఒక ఎత్తు. నాకు భయం వేసింది మరోదానికి. ఆ అమ్మాయి తన చేతులకేసి చూసుకోవడం మొదలుపెట్టింది. ముడి వేసేముందు వేళ్ళు చాచి, వణుకుతున్నాయా అని చూసుకునేది. అంతకుముందు వణకని వేళ్ళు అప్పటినుంచి నిజంగానే వణికాయి.

నాకు ఒళ్ళు మండింది. పెద్దసారుతో వాదించబోతే, కట్టడం రానివాళ్ళను వెనకేసుకొస్తే వాళ్ళకే నష్టమన్నాడు.

కన్నమా, దారా

ఒకరోజు రూతును పక్కన కూర్చోబెట్టుకుని తూకాలన్నీ ఒకటొకటిగా చెప్పించాను. అప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. ఈ తిత్తులు మొదట బాగా నీళ్ళు వదులుతున్నాయట. అలా ఉంచేస్తే కాసేపటికి వాటంతట అవే తగ్గిపోతున్నాయట. పెద్దసారుకు చెబితే, జిగురేదో వచ్చి కన్నం పూడుకుపోయి ఉంటుందన్నాడట.

"కన్నం దానంతట అది ఎందుకు పూడుతుంది మేడం? ఒక తిత్తికి పూడితే సరే అనుకుందాం. అన్నిటికీనా?" అంది.

నేను తూకాల పుస్తకం మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. తర్వాత తిత్తి లోపల రంగు కలిపిన నీళ్ళు పోసి చూడమన్నాను. గోడకు కన్నం ఉంటే నీటితోపాటు రంగు కూడా బయటికి రావాలి. రూతు కట్టింది. బరువు తగ్గింది. బయటి నీటిలో రంగు చుక్క కూడా కనబడలేదు. వేరే తిత్తికి చేశాం. అదీ అంతే. నీరు మాత్రమే పోతోంది. అంటే గోడ చిరగలేదు, ముడి జారలేదు. దారులు అప్పటికే గోడకు వచ్చి ఉన్నాయి. మేం హార్మోను ఇవ్వకముందే ఎవరో ఇచ్చినట్టుగా ఉన్నాయి. కాసేపటికి తగ్గడం ఎందుకో కూడా అర్థమైంది. ఒంట్లోంచి బయటికి తీశాక హార్మోను అందక, కణాలు ఆ దారులను మెల్లగా లోపలికి తీసేసుకుంటున్నాయి.

మరి ఆ హార్మోను ఎవరిచ్చారు? కప్పే ఇచ్చుకుని ఉండాలి. దానికి అంత దప్పిక ఎందుకు పుట్టింది? మాకు వచ్చే కప్పలు చూడ్డానికి బాగానే ఉండేవి. బస్సు దిగి సంచి రాగానే కోసేవాళ్ళం. జంతువును నిలవ ఉంచకూడదు, తాజాగా ఉండాలన్నది పెద్దసారు పెట్టిన పద్ధతి. అవి ఎక్కడ్నుంచి వస్తున్నాయో, ఎలా వస్తున్నాయో మాలో ఎవరమూ అడిగిన పాపాన పోలేదు.

ఆళ్లగడ్డ

కప్పలు తెచ్చేది ఓబులేసు. వానాకాలంలో, చలికాలంలో నంద్యాల చుట్టూ పొలాల్లో పట్టి, తడి మట్టి వేసిన కుండలో సైకిలు మీద తెచ్చేవాడు. వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చాక కప్పలు అడుగుకు పోతాయి, ఇక్కడ దొరకవు. అందుకని ఆళ్లగడ్డ పోయేవాడు. అక్కడ విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక, రాళ్ళు కోసే మిషన్ల మీద పోసిన నీళ్ళు పారి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆ బురదలో, పక్కన పడేసిన రాళ్ళ సందుల్లో గోదురు కప్పలు ఉండేవి.

రూతు, నేను పొద్దున బస్సెక్కి ఓబులేసుతో పోయాం. ఉలుల మోత, తెల్లటి రాతి పొడి, ముక్కూ మొహం తీరని దేవుళ్ళను వరసగా పడుకోబెట్టి ఉంచారు. ఓబులేసు ఒక రాయి పక్కకు జరిపి కప్పను పట్టాడు. పట్టి, పొట్ట మీద బొటనవేలితో నొక్కాడు. కప్ప ఉచ్చ పోసింది. ఇంకోసారి నొక్కి, చుక్క కూడా రాదని చూసుకుని, పొడి గోనెసంచిలో వేశాడు. రెండోదానికీ అంతే చేశాడు.

రూతు నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకన్నా అట్ల పిండుతాండావ్?" అని అడిగింది.

"సంచి తడిస్తే కండక్టరు ఎక్కనియ్యడమ్మా. ఒకతూరి నడి దావలో దించేసినాడు. ఒక్క కప్పా మిగల్లా ఆ ఎండకు," అన్నాడు ఓబులేసు.

అతన్ని తప్పు పట్టడానికి ఏముంది? మాకు కప్పలు బతికి చేరాలి, అతను బతికించే చేర్చాడు. దాచుకున్న నీళ్ళు పోయాక, ఎండలో, పొడి గోనెలో, బస్సు సీటు కింద ఇంజను వేడికి అన్ని మైళ్ళు వచ్చిన కప్ప ఒంట్లో హార్మోను పొంగిపోదా? మూత్రాశయంలో లాక్కోవడానికి ఏమీ లేకపోయినా, దాని కణాలు ఉన్న దారులన్నీ గోడకు తెచ్చి పెట్టుకుని కూర్చున్నాయి. మేం సరిగ్గా ఆ స్థితిలో కోసి, దారం కట్టిన పిల్లను తిట్టాం.

తిరుగు బస్సులో రూతు సంతోషిస్తుందనుకున్నాను. కిటికీకి తల ఆనించి కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. తన చేతుల తప్పు లేదని తేలినా ఆమె ధ్యాస కప్పల మీదే ఉంది. ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కొంగు తడిపి కప్పింది. కండక్టరు చూసి కూడా ఏమీ అనలేదు.

పెద్దసారు చూశాడు

ఆ సంచిలోని కప్పలను రెండు భాగాలు చేశాం. సగం తడి ఇసుక తొట్టిలో వేసి, అవి పొట్టతో నీళ్ళు పీల్చుకుని మళ్ళీ నిండేదాకా వదిలేశాం. మిగతావాటిని రోజూ చేసినట్టే చేశాం. తడి కొంగు కప్పి తెచ్చినా నీళ్ళు పిండేసిన కప్పలే కదా, వాటి తిత్తులు హార్మోను లేకుండానే నీళ్ళు వదిలేశాయి. తడి తొట్టిలో తేరుకున్నవాటి తిత్తులు నిలిచాయి. హార్మోను ఇచ్చాకే తగ్గాయి. కట్టింది ఒకే మనిషి, దారం ఒకటే.

పెద్దసారును పిలిచి, ఆయన ముందే మళ్ళీ చేయించాను. ఆయన కుర్చీ తెప్పించుకుని త్రాసు పక్కనే కూర్చున్నాడు. ప్రతి తూకం తనే చదివాడు. రంగునీళ్ళ పరీక్ష కూడా చేయమన్నాడు. అంతా అయ్యాక లేచి, "సీటు ఉంటాది పో," అన్నాడు రూతుతో.

పిల్లలూ, ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. సీటు నిలిచింది, పద్ధతి మారింది, తడి తొట్టి వచ్చింది. ఓబులేసును బస్సు బాధ నుంచి తప్పించి, కళాశాల జీపులో కుండతో పంపడం మొదలుపెట్టారు. మా వృత్తిలో చాలా తప్పులు ఇలా దిద్దుకుని మర్చిపోతాం. మనిషిని అనుమానించినంత తేలిగ్గా మనకు సరుకు అందే దారిని అనుమానించం. అది మన కంటికి కనపడదు కాబట్టి.

సంతకం

థీసిస్ రాసుకుని రూతు పెద్దసారు గదికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. ఆయన పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆ వేసవిలో తేడాగా వచ్చిన ఫలితాలన్నిటినీ ఆమె ఒక అధ్యాయంగా రాసింది. ఎలా పట్టారో, ఎలా పిండారో, ఏ సంచిలో తెచ్చారో, రాగానే ఎలా కోశామో అన్నీ ఉన్నాయి. కట్టినవాళ్ళ తప్పు అని ముందు అనుకున్నట్టు కూడా ఒక వాక్యంలో రాసింది. పేరు రాయలేదు. ఎవరి మాటో మా విభాగంలో వాళ్ళకైతే తెలుస్తుంది.

పెద్దసారు ఈ అధ్యాయం తీసేయమన్నాడు. మిగతాది చాలా బాగుంది, ఇది తీసేస్తే ఈ పూటే సంతకం పెడతానన్నాడు. పొరపాట్లను ఎవరూ థీసిస్‌లో పెట్టుకోరు, వృథా అయినవి వృథా అయినట్టే అన్నాడు. మాట మాత్రం గట్టిగా అనలేదు. నాకు కూడా లోపల అదే అనిపించింది. సంతకం చేయించుకుని బయటపడవమ్మా అని కళ్ళతోనే సైగ చేశాను. ఆ అమ్మాయి ఎంత పోగొట్టుకోబోయిందో నాకు తెలుసు, మళ్ళీ ఆమెను ఆ అంచుకు తీసుకుపోవడం నావల్ల కాలేదు.

రూతు నా వైపు చూడలేదు.

"తీసెయ్యను సార్," అంది.

"సంతకం పెట్టకపోతే ఏం చేస్తావ్?"

"మీరు పెట్టకపోయినా అవి దప్పికతోనే చచ్చినాయి సార్. చచ్చేటప్పుడు కూడా ఉన్నదున్నట్టే చెప్పినాయి. మనం నా చేతులు చూసినాం గానీ వాటిని చూడలే."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇక లేచి, కాగితాలు ఆమె చేతిలో పెట్టి బయటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన ముందు విద్యార్థులు ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, లెక్చరర్లం మేమే నిలబడి మాట్లాడేవాళ్ళం. ఆయన తన ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చెయ్యి చూపాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు.

ఆమె కూర్చుంది. ఆయన కాగితాలు ఆమె వైపు తిప్పి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టాడు. ముందు అనుకున్నది ఎవరో ఇందులో లేదు, అన్నాడు. ఎవరైనా చదివితే నువ్వే నీ చేతుల గురించి అనుకున్నావనుకుంటారు, అది నిజం కాదు గదా అన్నాడు.

తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఆ చోట తన పేరు తనే రాశాడు.